వింటినారిపై బొటనవ్రేలు — ఏకలవ్యుని కథలోని ఒక సూక్ష్మము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఏదైన నొక చరిత్ర విషయమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరినప్పుడు నేను మొదట వెనుకాడితిని. నేను పండితుడను గాను. గ్రామములో లెక్కలు వ్రాసికొనువాడను. సంస్కృతమైనను, పురాణేతిహాసములైనను నేను గురుముఖమున నేర్చినవి కావు. ఈ గ్రంథాలయపు బల్లకడ కూర్చుండి, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని, అక్షర మక్షరము కూడబలుకుకొని తెలిసికొన్నవి. ఆ చదువులో నాకు చిరకాలము అర్థము గాక, పిమ్మట అర్థమై మిక్కిలి సంతోషము కలిగించిన చిన్న విషయ మొకటి కలదు. దానినే చదువరుల ముందుంచుచున్నాను. తప్పులున్న పెద్దలు మన్నింతురు గాక.

ఏకలవ్యుని కథ తెలియని తెలుగువారుండరు. హరికథలోనో, బడిపుస్తకములోనో, తాతయవ్వల నోటనో ప్రతివారును వినినదే. అతడు నిషాదరాజైన హిరణ్యధన్వుని కుమారుడు. ద్రోణుడు శిష్యునిగా గ్రహింపకపోగా అడవికి పోయి, మట్టితో ద్రోణుని ప్రతిమను చేసికొని, దానినే గురువుగా భావించి విలువిద్య నేర్చెను. వేటకు వచ్చిన పాండవుల కుక్క తనను జూచి మొఱుగగా, అది నోరు మూయులోపల ఏడు బాణములను దాని నోట నించెను. అది చూచి అర్జునుడు కలతపడెను. తనకంటె మిన్నయైన శిష్యుడు లేకుండ చేసెదనన్న మాట ఏమాయెనని గురువు నడిగెను. ద్రోణుడు వచ్చి గురుదక్షిణగా కుడిచేతి బొటనవ్రేలు కోరెను. ఏకలవ్యుడు ముఖము చిన్నబుచ్చుకొనక, మరుమాట యాడక కోసి యిచ్చెను. ఆదికవి నన్నయభట్టారకుడు ఈ కథను ఆంధ్రమహాభారతపు ఆదిపర్వమున మనకు తెనుగున నొసగియున్నాడు.

నాకు కలిగిన సందేహ మిది. నేటి విలుకాండ్ర చిత్రములను మనము పత్రికలలో చూచుచున్నాము. ఒలింపిక్ క్రీడలలో విల్లు పట్టువారు ఎడమచేత విల్లుంచి, కుడిచేతి చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు అను మూటితో నారిని లాగుదురు. బొటనవ్రేలు నారిని తాకనే తాకదు. అరచేతి వైపునకు మడిగి ఊరక యుండును. అట్లైన ఏకలవ్యుడు పోగొట్టుకొన్న దేమి? ద్రోణుడు విలువిద్యకు ఆచార్యుడు. పనికిరాని వ్రేలు నడుగునంతటి అమాయకుడా?

కొందరు బొటనవ్రేలు లేనివాడు విల్లు ఎక్కుపెట్టనే లేడనియు, ఏకలవ్యుని విద్య నాటితో ముగిసెననియు చెప్పుదురు. వ్యాసభారత మట్లు చెప్పలేదు. అటుపిమ్మట అతడు వ్రేళ్ళతో నారిని లాగెననియు, అయినను మునుపటివలె శీఘ్రముగ వేయలేకపోయెననియు మాత్రమే చెప్పుచున్నది. ఈ రెండు మాటలను నేను పలుమారులు చదివి దాటిపోయితిని. లెక్కలు వ్రాయువానికి ఒక దుర్గుణము కలదు: పద్దు సరిపోలనిచో నిద్రపట్టదు. వ్రేళ్ళతో వేయగలిగినవాడు వేగము నేల కోల్పోవలెను? ఈ పద్దు నాకు సరిపోలలేదు. దానికి సమాధానము వెదకుచు పోగా అది నన్ను ప్రపంచ మంతయు త్రిప్పినది.

చదువరులు ఒక్క నిమిషము ఈ సంచికను ప్రక్కన నుంచి తమ కుడిచేతిని చూచుకొనవలెను. నారిని పట్టి లాగుటకు ఆ చేతికి ముఖ్యముగా మూడు మార్గములు కలవు.

మొదటిది చిటికెడు పట్టు. ముగ్గుపిండి పట్టినట్లు బొటనవ్రేలికిని, మడిచిన చూపుడువ్రేలికిని నడుమ అమ్ము వెనుక కొనను పట్టి లాగుట. చీపురుపుల్లతో ఆడుకొను పిల్లవానికి ఎవరును నేర్పకయే వచ్చు పట్టిది. తేలికయైన వింటికి చాలును. బిగువైన వింటికి చాలదు, వ్రేళ్ళు జారిపోవును. తక్కిన వ్రేళ్ళను నారిపై తోడు చేర్చుకొని ఈ పట్టునకు బలము కూర్చు భేదములును కలవు.

రెండవది వ్రేళ్ళ పట్టు. రెండు లేక మూడు వ్రేళ్ళను కొక్కెములవలె వంచి నారికి తగిలించి లాగుట. అమ్ము చూపుడువ్రేలికిని నడిమివ్రేలికిని నడుమ నుండును. కుడిచేత లాగువానికి అమ్ము వింటి ఎడమప్రక్కన నిలుచును.

మూడవది బొటనవ్రేలి పట్టు. బొటనవ్రేలొకదానినే వంచి నారికి తగిలించి, ఆ వ్రేలు విడివడకుండ చూపుడువ్రేలిని దానిపై గడియవలె వేసి లాగుట. ఇందు అమ్ము వింటి కుడిప్రక్కన నిలుచును. ఈ కుడి ఎడమల భేదమును చదువరులు మఱవకుందురు గాక. మన చిక్కుముడి దీనివలననే విడిపోవును.

ఈ పట్టులను లోకములో మొదట వరుసగ విభజించి చెప్పినవాడు ఎడ్వర్డ్ మోర్స్ అను అమెరికా దేశీయుడు. ఇతడు జంతుశాస్త్రవేత్త. 1877లో బ్రాకియోపాడు లను సముద్రపు గుల్లప్రాణులను పరిశోధించుటకై జపానునకు పోయి, అచట టోక్యో విశ్వవిద్యాలయములో ఆచార్యుడాయెను. జపానువారు నారిని లాగు విధము తనవారి విధమునకు భిన్నముగ నుండుట అతనికి ఆశ్చర్యము కలిగించెను. పిమ్మట ప్రాచీన శిల్పములను, చిత్రములను, దేశదేశముల విలుకాండ్రను పరిశీలించి 1885లో ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. చిటికెడు పట్టును, దాని భేదములు రెంటిని, వ్రేళ్ళ పట్టును, బొటనవ్రేలి పట్టును లెక్కించి మొత్తము ఐదు విధము లనెను. వ్రేళ్ళ పట్టునకు మధ్యధరా సముద్రము పేరును, బొటనవ్రేలి పట్టునకు మంగోలు జాతి పేరును పెట్టెను. నేటికిని ఆ పేర్లే వాడుకలో నున్నవి.

మఱి మన పూర్వు లే పట్టు పట్టిరి? దీనికి సమాధానము ధనుర్వేద గ్రంథములలో నున్నది. అగ్నిపురాణములో ధనుర్వేదమును గూర్చిన అధ్యాయములు కలవు. 14వ శతాబ్దపు శార్ఙ్గధర పద్ధతిలోను ఒక ప్రకరణము కలదు. వసిష్ఠుని పేర ఒక ధనుర్వేద సంహితయే యున్నది. ఈ సంహితలో నారిని పట్టు పిడికిళ్ళకు గుణముష్టులని పేరు. అవి ఐదు: పతాక, వజ్రముష్టి, సింహకర్ణము, మత్సరి, కాకతుండి.

చూపుడువ్రేలిని నిడుపుగ చాచి బొటనవ్రేలి మొదట ఆనించిన పతాక. ఇది నాళికమను బాణమును దూరముగ వేయుటకు. బొటనవ్రేలు చూపుడువ్రేలికిని నడిమివ్రేలికిని నడుమ చొచ్చిన వజ్రముష్టి; ఇది లావైన నారాచమును విడుచుటకు. చూపుడువ్రేలి కొనను బొటనవ్రేలి నడుమ నుంచిన సింహకర్ణము. ఇది గట్టి గుఱిని భేదించుటకు. ఆ కొననే బొటనవ్రేలి గోటి మొదట నుంచిన మత్సరి. ఇది చిత్రముగ వ్రాసిన గుఱిని కొట్టుటకు. బొటనవ్రేలి కొనపైననే చూపుడువ్రేలి ముఖమును చేర్చిన కాకతుండి. ఇది సూక్ష్మమైన గుఱికి. కాకతుండి యనగా కాకి ముక్కు. ఆ రెండు వ్రేళ్ళను అట్లు చేర్చి చూచుకొన్నవారికి పేరెంత తగియున్నదో తెలియగలదు.

ఇందు రెండు సంగతులు గమనింపవలెను. ఐదు ముష్టులలోను బొటనవ్రేలి ప్రస్తావన యున్నది. ఉంగరపువ్రేలి ప్రస్తావన ఒక్కదానను లేదు. కావున ఈ శాస్త్రము ప్రధానముగ బొటనవ్రేలి శాస్త్రమని స్పష్టము. రెండవది, మత్సరికిని కాకతుండికిని నడుమ నున్న దూరము గోరంతయే. అంతమాత్రమునకే పేరు మారినది, గుఱి మారినది. గోరంత భేదమును లెక్కలోనికి తీసికొన్న విద్య ఎన్ని తరముల అభ్యాసముచే పండియుండవలెనో చదువరులే ఊహింతురు గాక.

ఇంతటి పని చేయు వ్రేలికి రక్షణ వలదా? బిగువైన నారి వ్రేలిని కోసివేయును. అందుచేతనే ఇతిహాసములలో వీరులు అంగుళిత్రాణములు, అనగా వ్రేలికి కాపుగా నుండు తొడుగులు, ధరించినట్లు చెప్పబడినది. విశ్వామిత్రుని వెంట నడచిన రామలక్ష్మణులు గోధాచర్మముతో చేసిన తొడుగులు కట్టుకొనియుండిరని బాలకాండము చెప్పుచున్నది. గోధ యనగా ఉడుము. మన భాషలో విడువని పట్టునకు ఉడుముపట్టు అని పేరు. పట్టునకు పేరెన్నిక గన్న ఆ ప్రాణి తోలే వింటి పట్టునకు తొడుగగుట ఒక వింత.

నారి ఎడమ ముంజేతిని గూడ కొట్టును. విరాటపర్వమున అర్జునుడు బృహన్నల వేషము దాల్చునప్పుడు, రెండు చేతులపైని నారి దెబ్బల కాయలను కప్పుటకై శంఖపు గాజులు తొడుగుకొనెను. కాయలు రెండు చేతులను ఉండుటయే అతడు సవ్యసాచి యనుటకు సాక్ష్యము. ఏ చేత నైనను నారిని లాగగలవాడు గనుక దెబ్బయు రెండు చేతులకు తగిలినది.

తక్కిన ఆసియా దేశములలో తోలు తొడుగునకు బదులు ఉంగరము వాడుకలోనికి వచ్చెను. చైనా దేశములో అన్‌యాంగ్ కడ 1976లో ఫూ హావ్ అను రాణి సమాధిని త్రవ్వగా పచ్చరాతితో చేసిన బొటనవ్రేలి తొడుగు దొరకినది. ఆ రాణి సుమారు మూడువేల రెండువందల ఏండ్లనాటిది. సేనలను నడపిన వీరవనిత. మన దేశమున మొగలాయి పాదుషాలును ఇట్టి పచ్చరాతి ఉంగరములను ధరించిరి. షాజహాను ఉంగరమొకటి నేడు లండను వస్తుప్రదర్శనశాలలో నున్నది. చూచువారికి అది అలంకారమువలె తోచును. దాని అసలు పని నారి ఒరిపిడిని ఓర్చుట.

అరబ్బులు ఈ పట్టును చెప్పిన విధము నా వృత్తివారికి మిక్కిలి ప్రియమైనది. వారి విలువిద్యా గ్రంథములలో బొటనవ్రేలి పట్టునకు పేరు 'అరువదిమూడు'. ఇదేమి పేరని మొదట నాకు బోధపడలేదు. పూర్వము ఆ దేశములలో వర్తకులు వ్రేళ్ళ మడతలతోనే పెద్ద పెద్ద సంఖ్యలను తెలుపుచుండిరి. చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు, నడిమివ్రేలు మూడును అరచేతిలోనికి మడిచిన మూడు. బొటనవ్రేలిని వంచి దానిపై చూపుడువ్రేలిని చుట్టిన అరువది. రెండును ఒక్కచేత చేసిన అరువదిమూడు. అదియే నారిని పట్టు సరియైన పిడికిలి. ఉపాధ్యాయుడు 'అరువదిమూడు పట్టుము' అనిన చాలును, శిష్యుని అయిదు వ్రేళ్ళును తమతమ తావులకు చేరును. పశువుల సంతలలో దళారులు తుండుగుడ్డ చాటున వ్రేళ్ళు పట్టి ధర చెప్పుట చూచినవారికి ఇది వింతగ తోపదు. చేతితో లెక్క చెప్పువారు చేతితోనే విద్యయు చెప్పిరి. ఆ గ్రంథకర్తలును మన ధనుర్వేదకర్తవలెనే చూపుడువ్రేలు బొటనవ్రేలిపై ఎచట ఆనవలెనను విషయమును విస్తరించి చర్చించిరి.

ఇక ఒక దేశమువారు బొటనవ్రేలిని, మఱియొక దేశమువారు మూడు వ్రేళ్ళను ఏల ఎన్నుకొనిరి? ఇందుకు విల్లే ముఖ్యకారణము. కొమ్ము, కొయ్య, నరము కలిపి అతికించిన పొట్టి విల్లు గుఱ్ఱముపై నున్నవానికి అనుకూలము. పొట్టి వింటిని చెవిదాక లాగినప్పుడు నారి నడుమ ఇరుకైన కోణముగ వంగును. ఆ ఇరుకులో మూడు వ్రేళ్ళు పెట్టిన నలిగిపోవును. బొటనవ్రేలు ఒక్కటియైన ఇమిడియుండును. అదియునుగాక బొటనవ్రేలితో లాగునప్పుడు చేయి కొంచెము మెలిపడి, చూపుడువ్రేలు అమ్మును వింటికి ఒత్తి పట్టును. గుఱ్ఱము దుమికినను అమ్ము జారిపోదు. నిలువెత్తు కొయ్యవింటికి ఆ బాధ లేదు. నారి విశాలముగ వంగును. మూడు వ్రేళ్ళకు చోటుండును. బరువును మూడు వ్రేళ్ళు పంచుకొనును.

మన దేశమున రెండు విధముల విండ్లును ఉండెను. కొమ్ముతో చేసిన శార్ఙ్గము ఏనుగునెక్కి పోరువారికిని రౌతులకును, వెదురు విల్లు రథికులకును కాలిబంట్లకును తగునని ధనుర్వేద సంహిత చెప్పుచున్నది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున తాటికొయ్య, వెదురు, చేవకొయ్య, కొమ్ము అను నాలుగింటిని విండ్లకు పదార్థములుగ పేర్కొనెను. మన పొలముగట్లపై నిలిచిన తాటిచెట్టు ఒకప్పుడు విల్లయ్యెనని తలచిన ముచ్చటగ నుండును. 24 అంగుళములు ఒక హస్తము, 4 హస్తములు ఒక ధనువు. ఆ ధనువే నేలను కొలుచుటకును కొలతయాయెను. క్రీ.పూ. 326లో అలెగ్జాండరు మన దేశముపై దండెత్తినప్పుడు అతనివెంట వచ్చిన నియర్కసు వ్రాతలను బట్టి గ్రీకు చరిత్రకారుడైన అరియన్, భారతీయ కాలిబంట్ల విల్లు మనుష్యుని యెత్తు ఉండుననియు, దాని కొనను నేలనుంచి ఎడమకాలితో అదిమి నారిని లాగుదురనియు వర్ణించెను.

అయితే విల్లే పట్టును నిర్ణయించునని గిరిగీసి చెప్పరాదు. జపానువారి విల్లు ఏడడుగులకు మించిన పొడవు. అయినను వారు బొటనవ్రేలితోనే లాగుదురు. అలవాటు, గురుసంప్రదాయము గూడ చేతిని శాసించును.

వ్రేళ్ళ పట్టునకు మిక్కిలి పేరుపొందినవారు ఇంగ్లండు విలుకాండ్రు. వారిది యూ అను చెట్టు కొయ్యతో చేసిన నిలువెత్తు విల్లు. 1545లో మునిగిపోయి 1982లో పైకి తీయబడిన మేరీ రోజ్ అను ఓడలో నూటికి మించిన విండ్లును, వేలకొలది బాణములును దొరకినవి. ఆ విండ్లలో పెక్కింటిని లాగుటకు నూరు పౌనులకు మించిన బలము కావలసియుండెనని పరిశోధకులు నిర్ణయించిరి. అనగా అర బస్తా ధాన్యమును మూడు వ్రేళ్ళపై మోయుట వంటిది.

ఈ ఇంగ్లీషు విలుకాండ్రను గూర్చిన యొక సంగతి ఏకలవ్యుని కథకు జంటగ నున్నది. 1415లో ఫ్రాన్సు దేశమున అజింకూరు అనుచోట గొప్ప యుద్ధము జరిగెను. ఆనాడు ఫ్రెంచివారి పక్షమున యుద్ధభూమిలో నుండి, పిమ్మట చరిత్ర వ్రాసిన జాన్ ద వావ్రిన్ ఒక మాట చెప్పుచున్నాడు. ఇంగ్లండు రాజైన ఐదవ హెన్రీ యుద్ధమునకు ముందు తన విలుకాండ్రతో, 'మీరు పట్టుబడినచో మీ కుడిచేతి మూడు వ్రేళ్ళు కోసివేయుదుమని ఫ్రెంచివారు ప్రతినపట్టినారు' అను భావముతో పలికెనట. ఆ బెదిరింపు నిజమో, సేనను రెచ్చగొట్టుటకు రాజు చెప్పినదో యెట్లున్నను, లెక్క మాత్రము సరియైనది. అచ్చట విద్య మూడు వ్రేళ్ళలో నుండెను గనుక శత్రువు మూడు వ్రేళ్ళు కోరెను. ఇచ్చట విద్య బొటనవ్రేలిలో నుండెను గనుక గురువు బొటనవ్రేలు కోరెను. చేతిని హరింపదలచినవాడు ఏ వ్రేలు నడుగునో చూచిన ఆ దేశపు విలువిద్య యెట్టిదో తెలియును.

ఇప్పుడు మన పద్దునకు తిరిగివత్తము. బొటనవ్రేలి పట్టులో అమ్ము వింటి కుడిప్రక్కన నుండునని చెప్పియుంటిని. కుడిచేయి పొదిలోనుండి అమ్మును తీసి, ఉన్న ప్రక్కననే నారికి తగిలించి లాగివేయవచ్చును. వ్రేళ్ళ పట్టులోనైన అమ్మును వింటికి ఆవలనున్న ఎడమప్రక్కకు చేర్పవలెను. ఒక్కొక్క బాణమునకు చేతికి ఒక నడక అధికము. వేగముగ వరుసబాణములు వేయువానికి ఈ రెప్పపాటే సర్వస్వము. అంతేకాదు. చిన్ననాటినుండి కుడిప్రక్కన అలవడిన గుఱి, పిడికిలి, విడుపు అన్నియు తలక్రిందై, ఏకలవ్యుడు విద్యను ఓనమాలనుండి మరల నేర్చుకొనవలసివచ్చెను. అతడు నేర్చుకొనెను; వ్రేళ్ళతో లాగెను. కాని శీఘ్రత రాలేదు.

ఇచ్చటనే వ్యాసుని మాటలలోని సూక్ష్మము నాకు కన్నులకు కట్టినది. అర్జునుడు అడవిలో చూచి కలతపడిన దేమి? గుఱి కాదు, బలము కాదు. కుక్క నోరు మూయులోపల ఏడు బాణములు నించిన ఆ వేగము. ద్రోణుడు హరించిన దేమి? సరిగ ఆ వేగమే. ప్రాణము తీయలేదు, చేయి తీయలేదు, విల్లు విడువుమని చెప్పలేదు. అర్జునునికంటె మిన్నచేసిన ఆ యొక్క గుణమును మాత్రము, అది నిలిచిన కణుపు తెలిసి, తూచి తీసికొనెను. ఆచార్యునకు గాక ఇతరులకు ఆ కణుపు తెలియదు. విద్య యెఱిగినవాడు చేసిన అన్యాయము గనుకనే అది అంత నెమ్మదిగ, అంత కచ్చితముగ జరిగినది. నాకు ఆ కథలో అన్నిటికంటె భయము గొలుపునది ఈ కచ్చితమే.

మహాభారతము ఈ అన్యాయమును దాచలేదు. ద్రోణపర్వమున ఘటోత్కచుడు పడిన పిమ్మట శ్రీకృష్ణుడే అర్జునునితో, నీ మేలుకొరకే ద్రోణుడు ఆచార్యత్వమను నెపమున ఏకలవ్యుని అంగుష్ఠమును తొలగించెననియు, అంగుష్ఠ మున్న ఏకలవ్యుని దేవదానవులు గూడ జయింపజాల రనియు ఒప్పుకొనెను. ఆ సందర్భముననే ఏకలవ్యుడు అంగుళిత్రాణము కట్టుకొని అడవిలో మఱియొక రామునివలె ప్రకాశించెనని వర్ణింపబడినది. వ్రేలు పోయినవాడు మిగిలిన వ్రేళ్ళకు తొడుగు కట్టుకొని వేటకు పోవుచున్న ఆ చిత్రమును తలచుకొన్న ప్రతిసారియు నా మనస్సు కలగుచుండును.

మధ్యభారతములోని భిల్లులు నేటికిని బొటనవ్రేలు తగులకుండ వ్రేళ్ళతోనే నారిని లాగుదురు. ఏకలవ్యుడు తమ పూర్వుడనియు, అతని గౌరవార్థమే ఆ వ్రేలిని వాడమనియు వారిలో చెప్పుకొందురు. వారి విల్లు వెదురుది, నారియు వెదురుబద్దయే. అట్టి వింటికి వ్రేళ్ళ పట్టు సహజముగనే సరిపోవునని శాస్త్రజ్ఞు లనవచ్చును. అనినను ఆ జాతి తన పట్టునకు చెప్పుకొన్న కారణము తక్కువది గాదు. పోయిన వ్రేలిని వేల యేండ్లు మఱవకుండుట సామాన్యమా?

తుపాకి వచ్చిన పిమ్మట విల్లు యుద్ధమును విడిచెను; పట్టులును పెక్కుచోట్ల మఱపునకు వచ్చెను. బొటనవ్రేలి పట్టు మంగోలియాలో నాదం అను పండుగలోను, 145 మీటర్ల దూరమున గుఱి నిలుపు కొరియావారి సంప్రదాయ క్రీడలోను, తురుష్క దేశమునను బ్రతికియున్నది. మన తెలుగునాట విలువిద్య క్రీడారూపమున మరల వెలుగుచున్నది. విజయవాడకు చెందిన బొమ్మదేవర ధీరజ్ మూడు వ్రేళ్ళ పట్టుతో 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో అంకితా భకత్‌తో జంటగ నాలుగవ స్థానమువరకు పోయెను. ఆ నగరపు ఆడుబిడ్డయే వెన్నం జ్యోతి సురేఖ 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచినది. ఆమె వాడునది చక్రముల విల్లు. నారిని వ్రేళ్ళు తాకవు, చేతిలోని చిన్న కొక్కెపు యంత్రము పట్టి విడుచును. బొటనవ్రేలి ఉంగరము చేసిన పనికి అది మనుమరాలి వంటిది.

చదువరులకు ఒక మనవి. లేపాక్షిలోని వీరభద్రాలయపు పైకప్పున కిరాతార్జునీయ కథను చిత్రించియున్నారు. ఊరూర వీరగల్లులపై, గుడిగోడలపై విలుకాండ్ర ప్రతిమలు కలవు. ఇకమీదట వానిని చూచినప్పుడు ముఖమును, కిరీటమును మాత్రమే చూడక, నారిని పట్టిన చేతిని గూడ చూడుడు. బొటనవ్రేలు వంగియున్నదా, మూడు వ్రేళ్ళు కొక్కెములైనవా గమనింపుడు. శిల్పి విలుకాడు కాకపోవచ్చును. కావున అన్నిటిని నమ్మరాదు. అయినను పదిమంది పదిచోట్ల చూచి వ్రాసిపెట్టిన అదియే చరిత్ర యగును. మోర్స్ చేసినదియు అదియే.

కడపట మన గ్రంథాలయమును గూర్చి ఒక్క మాట. గురువు దొరకనివానికి మట్టిబొమ్మయే గురువాయెను. మా వంటి వారికి ఈ ఇరువదియైదేండ్లును ఈ పుస్తకముల బీరువాయే ఆ మట్టిబొమ్మ. ఎవరి బిడ్డవని అడుగలేదు. నీకు తగదని త్రోసివేయలేదు. ఏ బొమ్మ యెదుట నేర్చినను తుదకు ఏకలవ్యునికి ఒక ద్రోణుడు వచ్చి దక్షిణ యడిగెను. ఈ గురువు అడిగిన దక్షిణ పుస్తకమును నలుపక గడువులోపల తిరిగి యిమ్మనుట మాత్రమే. నా లెక్కల పుస్తకములలో ఒకప్పుడు సంతకము చేయవలసినచోట నల్లని వేలిముద్రలే వరుసలు తీరియుండెడివి. బొటనవ్రేలిని సిరాలో ముంచి, తలవంచుకొని పోయినవారిని నే నెఱుగుదును. వారిలో కొందరు ఈ గ్రంథాలయపు సాయంకాలపు చదువులకు వచ్చి, పిమ్మట నా పుస్తకములోనే వంకరటింకరగ నైనను తమ పేరు తామే వ్రాసిరి. ఆనాడు వారు నా వంక చూచిన చూపు నేను మఱవలేదు. ఒక కాలమున ఒక గురువు శిష్యుని బొటనవ్రేలు తీసికొనెను. మన గ్రంథాలయము కొందరి బొటనవ్రేళ్ళను వారికి తిరిగి యిచ్చినది.

ఈ జమయే ఈ ఇరువదియైదేండ్ల లెక్కలో నాకు కనబడుచున్న మిగులు. అది ఏటేట పెరుగుగాక యని కోరుచు ముగించుచున్నాను.